ఎర్రనీటితో మొదలయ్యే ఏడాది

మా నాన్నమ్మకి తన పుట్టినరోజు తేదీ తెలీదు. కాలం మాత్రం బాగా తెలుసు. "మా యమ్మ ఉబాలకెళ్ళి మడిలో వొంగినప్పుడే నొప్పులొచ్చినాయంట" అని చెప్పేది. ఉబాలంటే వరినాట్లు. మా నాన్న పుట్టింది కుప్పలు నూర్చే రోజుల్లో. పెద్దత్త కొబ్బరి, జీడితోటలుండే ఉద్దానంలో, నాన్నమ్మ పుట్టింట్లో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో. చిన్నాన్న గాలివానకి ఇంటి మీద కమ్మలు ఎగిరిపోయిన వారంలో. బడిలో వేసినప్పుడు ముగ్గురికీ జూలై 1 అని రాసేశారు. నాన్న సర్వీసు రిజిస్టర్లో చివరిదాకా ఆ తేదీయే ఉంది. ఇంట్లో మాత్రం కళ్ళంలో నూర్పులు మొదలైన వారం ఏదో ఒక రోజు పాయసం కాచి, "ఈయేళకే పుట్టినావు నాయినా" అని నాన్న చేతికి గిన్నె ఇచ్చేది.

మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఏటి ఒడ్డున, నరసన్నపేట వైపు పల్లె. నడవాలో కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉండేది. అందులో తిథి, వర్జ్యం, రాహుకాలం కోసం మా అమ్మ వెతికేది. నాన్నమ్మ ఎప్పుడూ దాని వైపు చూసేది కాదు. ఆవిడకి కావాల్సింది కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు కాబట్టి ఏడాదికి 27 కార్తెలు. తిథులు ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి, అధిక మాసం వస్తే పండగలన్నీ ఒక నెల వెనక్కి పోతాయి. కార్తె అలా కదలదు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో ఏటా ఒక్కలాగే వస్తాయి. వాననీ ఎండనీ నమ్ముకున్న వాళ్ళు చంద్రుణ్ణి కాకుండా సూర్యుణ్ణి పట్టుకున్నారంటే దాని వెనక ఎంత అనుభవం ఉందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు, ఇలా సగం సామెతలు నేను అక్షరాలు నేర్చుకోకముందే ఆవిడ నోట విన్నవే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఎనభైల మధ్యలో, ఋతుచక్రం పటం గీసి తెమ్మన్నారు. పుస్తకంలో ఉన్నట్టే ఆరు ఋతువులు, ఋతువుకి రెండు నెలలు. హేమంతానికి మంచుకొండ బొమ్మ వేస్తున్నాను. నాన్నమ్మ పక్కన కూర్చుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. బొమ్మ చూసి చేట ఆపింది.

"ఏటిరా బావూ అది?"

"మంచుకొండ నాన్నమ్మా. హేమంతం."

"మన కొండల మీద మంచు గెడ్డలెప్పుడు సూసినావురా? మనకప్పుడు కోతలు కదేటి. కోతలెయ్యి."

బడికి ఇచ్చే పటంలో కొండే ఉంచాను, మార్కుల కోసం. కానీ ఆ సాయంత్రమే పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, కంచం బోర్లించి దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. మా ఊరి కాలాలన్నీ ఆవిడ చెబుతూ ఉంటే నేను ఆ చక్రంలో రాస్తూ పోయాను. ఆ ఏడాదంతా అదే పని. ఏదైనా వచ్చినప్పుడల్లా, అంటే పువ్వో పిట్టో వానో వచ్చినప్పుడల్లా, "రాసినావా?" అని అడిగేది.

ఏడాది ఎక్కడ మొదలెట్టాలి అని అడిగితే ఉగాది అంటుందనుకున్నాను. మా వైపు ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య చాలా పెద్ద పండగ, అదన్నా అంటుందనుకున్నాను. "ఎర్రనీరు" అంది. ఎండాకాలం చివర వంశధార ఇసకే ఇసక. నీళ్ళు ఎక్కడో ఒక పాయగా పారతాయి, చెలమ తవ్వుకుని తాగేవాళ్ళం. మా ఊళ్ళో చినుకు పడదు, మబ్బు కూడా ఉండదు. ఒక రోజు పొద్దున్న చూస్తే ఇసక మీద పాములా నెమ్మదిగా పాకుతూ నీరు వస్తుంది. ఎర్రగా, నురగతో, మీద ఎండుటాకులూ వెదురు ముక్కలూ తేలుతూ. ఒడిశాలో, ఏరు పుట్టిన కొండల మీద వాన పడ్డాక దిగే మొదటి నీరు అది. ఆ నీటి ముందు అంచున చిన్న చిన్న బుడగలు చిట్లుతుంటాయి, వేడెక్కిన ఇసక చుయ్యిమని పీల్చుకుంటుంది. పిల్లలం ఆ అంచుకి ఎదురుగా నిలబడి, అది కాలివేళ్ళని తాకేదాకా కదలకుండా ఉండేవాళ్ళం. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వచ్చి, దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకునేది. మనకి వాన పడకపోయినా కొండకి పడింది, ఇక మనకీ వస్తుంది అని ఆ నీరు చెప్పే కబురు. ఏడాది మొదలవ్వడానికి అంతకన్నా మంచి రోజు నాకు ఇప్పటికీ కనబడదు.

దాని తర్వాత ఎదలు, అంటే పొడి దుక్కిలో విత్తనాలు జల్లే రోజులు. ఆరుద్ర పురుగులు కనిపించేది అప్పుడే. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కకి కాళ్ళొచ్చినట్టుండే ఆ పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. ఉరుములు ఉరిమిన మర్నాడు పుట్టకొక్కుల కోసం గట్లన్నీ వెతికేవాళ్ళం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి కొంగలు వచ్చేది కూడా తొలకరికే. ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉండే నత్తగుల్ల కొంగలు అవి. ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి, ఊరివాళ్ళు వాటి మీద చెయ్యి పడనివ్వరు. నాన్నమ్మ పుట్టింటి చుట్టాలు ఆ వైపు ఉండేవాళ్ళు. ఎవరైనా వస్తే మంచి చెడ్డా అడిగాక ఆవిడ అడిగే మాట "కొంగలొచ్చినాయేటి?"

ఆ తర్వాత ఉబాలు. మోకాలి దాకా బురద, ఆకు కట్టలు, ఆడవాళ్ళ పాటలు. ఇది అందరికీ తెలిసిందే, సినిమాల్లో కూడా చూపించారు. చూపించనిది దాని తర్వాత వచ్చే రోజులు.

ఉబాలు అయిపోయాక, శ్రావణ భాద్రపదాల్లో, చక్రంలో ఒక ముక్క ఖాళీగా ఉండిపోయింది. దీనికేం పేరు రాయమంటావు అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కూలి పని అయిపోతుంది, కొత్త పంట ఇంకా పొట్ట మీదకి కూడా రాదు, గాదెలో పాత ధాన్యం అడుగంటుతుంది. పొద్దున్న చోడి అంబలి, సాయంత్రం మళ్ళీ చోడి అంబలి. ధాన్యం అప్పు తెస్తే పంటకి కుంచానికి కుంచంన్నర కొలవాలి. చివరికి ఒక రోజు అంది: "ఆటికి పేరెందుకురా? పేరు పెడితే పిలిసినట్టుంటాది." 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ ఆకలి చాలావరకు తగ్గింది. నేను రాసే నాటికే మా ఇంట్లో అన్నానికి లోటు లేదు. అయినా ఆవిడ ఆ ముక్క మీద పెన్సిల్ పెట్టనివ్వలేదు. ఉత్తర చూసి ఎత్తర గంప అనే సామెత ఆ రోజులదే. ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే ఇక గంప నెత్తిన పెట్టుకుని వలస పోవడమే. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఈ సామెతని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మద్రాసు, హైదరాబాద్, సూరత్, ఎక్కడ మేడ కడుతున్నా మనవాళ్ళుంటారు. తీరం ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్ళే మత్స్యకారులు ఇప్పటికీ ఆ వైపు వేట మొదలయ్యే ఆగస్టుకి బయల్దేరతారు. ఆ తర్వాత కొద్ది వారాలకి, సెప్టెంబరులో, టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి. మనుషులు బతుకు కోసం ఊరు దాటి పోయే వేళకి పిట్టలు అదే బతుకు కోసం మన ఊరికి రావడం చూస్తే నా మనసు ఎప్పుడూ ఒక రకంగా అయిపోతుంది.

తాటిచెట్టు గురించి చెప్పకుండా ఆ చక్రం పూర్తి కాదు. నాన్నమ్మ దృష్టిలో దాన్ని ఒక్కదాన్ని చూస్తే చాలు, ఏడాదిలో ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ముంజెలు. బొటనవేలితో పొడిచి నీళ్ళు జుర్రుకునేటంత లేతగా ఉన్నాయంటే ఎండలు ఇంకా ముదరలేదని, గట్టిపడి గొంతుకి అడ్డం పడుతున్నాయంటే మృగశిర దగ్గర పడిందని లెక్క. భాద్రపదం వచ్చేసరికి పళ్ళు రాత్రిళ్ళు దబ్బుమని రాలతాయి. ఆ చప్పుడు వినగానే లాంతరు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం, ముందు చేరినవాడిదే పండు. కాల్చినా వాసనే, గుజ్జు పిండి రొట్టె కాల్చినా వాసనే, చేతులకి మర్నాడు దాకా ఆ పసుపు రంగు వదలదు. చీకేసిన టెంకల్ని పెరట్లో ఇసకలో పాతర వేస్తే సంక్రాంతి నాటికి తేగలు. బోగి మంటలో తంపట వేసిన తేగ నడుమ చీల్చి, చందమామ తీసి పక్కన పెట్టి, మెత్తటి వైపు నుంచి కొరకాలి. టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు. ఒక్క చెట్టు మూడు కాలాల్లో మూడు రకాల తిండి పెడుతుంది. చక్రంలో మూడు చోట్ల తాటిచెట్టు బొమ్మే వేయించింది ఆవిడ, కాయతో ఒకసారి, పండుతో ఒకసారి, తేగతో ఒకసారి.

గోగు వాసన కూడా ఒక కాలమే మాకు. కోసిన గోగు కట్టల్ని నార కోసం చెరువులో ఊరేస్తే పది పదిహేను రోజులకి ఊరంతా కుళ్ళు వాసన కొట్టేది. విజయనగరం వైపు మా పిన్ని వాళ్ళ ఊళ్ళో ఇంకా ఎక్కువ. ఆ వాసన వస్తోందంటే చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయని, పిల్లలకి దసరాకి కొత్త బట్టలని అర్థం. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. పిన్ని ఇంటికి మేమంతా ఎడ్లబండి మీద రైల్వే స్టేషన్‌కి వెళ్ళి, రైలెక్కి వెళ్ళేవాళ్ళం. గోగు సాగు ఇప్పుడు బాగా తగ్గిపోయింది. ఆ వాసన తెలియని పిల్లలు మా ఇంట్లోనే పెరుగుతున్నారు.

దసరా, దీపావళి రోజుల దగ్గర చక్రంలో నాన్నమ్మ నల్లగా రుద్దించిన ముక్క ఒకటుంది. గాలికాలం. చేను పాలు పోసుకునే వేళ, చిత్త కార్తె. సముద్రం నుంచి గాలి వచ్చేది అప్పుడే అని గట్టిగా చెప్పేది. చిన్నప్పుడు అది చిన్నాన్న పుట్టిన ఏటి గాలివాన మీద భయంతో అంటోందనుకునేవాణ్ణి. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు. మూడూ ఆవిడ రుద్దించిన ముక్కలోనే. తిత్లీ తర్వాత ఉద్దానం వెళ్ళాను. నాన్నమ్మ పుట్టింటి కొబ్బరితోటలో నిలబడితే అవతలి ఊరు కనిపిస్తోంది. ఎప్పుడూ కనిపించేది కాదు. జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి లేచి పడున్నాయి. పెద్దత్త పుట్టినప్పుడు జీడిపిక్కలు ఏరిన తోటలు అవి. ఒక జీడిచెట్టు గానీ కొబ్బరిచెట్టు గానీ మళ్ళీ నిండుగా కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో అక్కడి వాళ్ళు ఎవరూ పైకి లెక్కపెట్టడం లేదు, ఊరికే చెట్ల వైపు చూస్తున్నారు.

కోతలు, కుప్పలు, కళ్ళాలు, కోతకి ముందు చేలో జల్లిన మినుములూ పెసలూ పైకి రావడం, మామిడి పూత, మళ్ళీ జీడిపళ్ళ వాసన, మళ్ళీ ముంజెలు. అలా చక్రం తిరిగి రోహిణి దగ్గర ఆగేది. సీతంపేట కొండల నుంచి సంతకి వచ్చే సవర గిరిజనుల దగ్గర కొండచీపుళ్ళు, చింతపండు కొంటూ వాళ్ళ పండగలు కూడా అడిగి రాయించింది. కందికొత్త, మామిడికొత్త. కొత్తల పండగ చెయ్యకుండా కొత్త కాయ నోట పెట్టరు వాళ్ళు. ఆ మాట ఆవిడకి ఎంతో నచ్చింది. "సూసినావా, ఆళ్ళకి లెక్క బాగా తెలుసు" అంది.

ఆ కాగితం తర్వాత ఏమైందో తెలీదు. ఇల్లు పెంకుటింటి నుంచి స్లాబుకి మారినప్పుడు పోయి ఉంటుంది.

ఉద్యోగంలో చేరాక లైబ్రరీలో ఫ్రాన్సు విప్లవం గురించి చదువుతుంటే వాళ్ళ క్యాలెండర్ కనిపించింది. 1793లో పాత నెలలు తీసేసి, నెలకి 30 రోజుల చొప్పున 12 నెలలు పెట్టుకున్నారు. చివర 5 రోజులు, లీపు ఏడాదిలో 6, విడిగా. పేర్లు చూసి పొంగిపోయాను. పొగమంచు నెల, వాన నెల, గాలి నెల, మొలకల నెల, పూల నెల, కోతల నెల, పళ్ళ నెల. దాదాపు ప్రతి రోజుకీ ఒక మొక్కో పనిముట్టో జంతువో పేరు. 1806 జనవరి 1 నుంచి దాన్ని వదిలేశారు. వారం పది రోజులకి పెంచడంతో సెలవు పదో రోజుకి గానీ రాకపోవడం జనానికి కష్టమైంది. నాకు ఇంకో సంగతి కూడా కనిపించింది. ఆ నెలల పేర్లు పారిస్ వాతావరణానికి సరిపోయేవి. సముద్రానికి అవతల వాళ్ళు పాలించిన దీవుల్లో మంచు నెల ఏమిటి? మా బడి పటంలో మంచుకొండ లాంటిదే అది.

జపాన్ వాళ్ళది చదివినప్పుడు మాత్రం నాన్నమ్మ ఉంటే ఎంత బావుండునో అనిపించింది. వాళ్ళకి పూర్వం నుంచీ ఏడాదికి 72 చిన్న కాలాలు, ఒక్కోటి సుమారు అయిదు రోజులు. అసలు చైనా నుంచి వచ్చినవి. అవి తమ నేలకి సరిపోవడం లేదని 1685లో షిబుకవా షుంకాయ్ అనే ఖగోళ పండితుడు జపాన్‌లో జరిగేవాటి ప్రకారం మార్చి రాశాడు. తూర్పు గాలికి మంచు కరగడం, కప్పలు కూయడం మొదలవ్వడం, వానకోవెలలు వెళ్ళిపోవడం, అవే ఆ కాలాల పేర్లు. ఒక రాజ్యంలో పండితుడు చేసిన పనిని మా నడవాలో చోళ్ళు చెరుగుతూ ఒక ముసలమ్మ చేసింది. నేను ఇది పొగడ్త కోసం అనడం లేదు. ఇద్దరూ చేసింది ఒకే పని అని నేను నమ్ముతున్నాను.

లెక్కల వైపు కూడా కొంత చదివాను. ఉత్తరాయణం నిజానికి మొదలయ్యేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. నక్షత్రాల లెక్కకీ ఋతువుల లెక్కకీ సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చింది. శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన కమిటీ ఈ సంగతి పట్టుకుని, 1957 మార్చి 22 నుంచి ఋతువులకి కట్టుబడే జాతీయ పంచాంగం తెచ్చింది. గెజిట్‌లో అది ఇప్పటికీ ఉంది గానీ జనంలోకి రాలేదు. పండగల జోలికి పోతే జనం ఒప్పుకోరు, అది సహజం. మన కార్తెలు కూడా నక్షత్రాల లెక్కే కాబట్టి వెయ్యేళ్ళ పైన గడిచేసరికి రోహిణి ఎండాకాలం దాటి జరిగిపోతుంది. అందుకే కార్తెల పక్కన ఎర్రనీరు, కొంగలు, తాటిపండు కూడా రాసి పెట్టుకోవాలి.

అరసవల్లి సూర్యదేవుడి గుడిలో మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ ఉదయపు సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకుతాయని మా జిల్లాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పెద్దయ్యాక కాగితం మీద లెక్క వేసి చూశాను. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10కి 79. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి, తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఆ రెండు రోజులకీ గుడి గురి పెట్టి ఉంది. తిథితో పని లేదు, అధిక మాసంతో పని లేదు. లెక్క కుదిరాక అరసవల్లి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటే, ఎప్పుడూ లేని భక్తి కలిగింది నాకు.

ఇప్పుడు ఆ చక్రాన్ని మళ్ళీ గీస్తున్నాం. తమ్ముడు ఊళ్ళోనే వ్యవసాయం చేస్తున్నాడు కాబట్టి అసలు పనంతా వాడిదే. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి బొమ్మలు వేసి వాట్సాప్‌లో పంపిస్తుంది, వాడు చూసి "తేగ అంత లావుండదమ్మా" అని తిప్పి పంపిస్తాడు. పెద్దత్త జీడి సంగతులు చెప్పింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు కదా, అది కూడా ఒక కాలంగా పెట్టాలని కళింగపట్నం నుంచి తమ్ముడి స్నేహితుడు అన్నాడు. పెట్టాం. ప్రభుత్వం పెట్టిన కాలమైనా సరే, చేపలు గుడ్లు పెట్టే వేళ అది, ఆ రెండు నెలలూ తీరం ఊళ్ళ బతుకు వేరుగా ఉంటుంది. పేరు లేని ముక్కని పేరు లేకుండానే వదిలేశాం. ఆ విషయంలో ఎవరూ వాదించలేదు.

వాదన అంతా మొదలు గురించే. విజయనగరం పిన్నికి ఎర్రనీరు ఒప్పుదల కాదు. "మాకు చంపావతి మీ యేరులా రాదురా, మాకు సిరిమానే మొదలు. అప్పుడే ఆడపిల్లలంతా ఇంటికొస్తారు" అంటుంది. తమ్ముడేమో, గొట్టా దగ్గర బ్యారేజీ ఉంది, నీళ్ళు ఎప్పుడు వదిలితే అప్పుడు వస్తాయి, పూర్వంలా ఎర్రనీరు ఒక్క రోజున రాదు అని గుర్తు చేశాడు. అది నిజమే. అయినా వాడే ఆలోచించి, బ్యారేజీ పైన ఎర్రనీరు కనిపించిన రోజుని మొదలు చేద్దాం, కబురు చెప్పడానికి హిరమండలంలో మన చుట్టాలున్నారు కదా అన్నాడు. పిన్ని ఊరికి చక్రం వేరేగా, సిరిమాను దగ్గర మొదలయ్యేలా వేసి ఇస్తున్నాం. ఒక నేలది ఇంకో నేల మీద రుద్దకూడదనే కదా నాన్నమ్మ పట్టుదల.

నరసన్నపేటలో పెళ్ళి కార్డులు వేసే ప్రెస్‌లో అచ్చుకి ఇచ్చాం. తేదీలు ఎక్కడ వెయ్యాలండీ అని ఆ కుర్రాడు అడిగాడు. కాలాల పేర్లు సిరాతో అచ్చు వెయ్యమన్నాం. తేదీలకి మాత్రం పక్కన గీతలు గీసి చోటు వదలమన్నాం. ఎవరింటికి ఏది ఎప్పుడు వస్తే వాళ్ళే పెన్సిల్‌తో రాసుకుంటారు. కొత్తమావాస్య లోపు కాపీలు ఇస్తానన్నాడు.